బైపాస్: గుండెను ఆపాలా, ఆడుతుండగానే కుట్టాలా?

వ్యాఖ్యాత: డాక్టర్ గారూ, బైపాస్ అనగానే ఇంట్లో వాళ్లు "బీటింగ్ హార్ట్ అయితేనే మంచిదట కదా" అంటున్నారు. ఆ నమ్మకంలో నిజమెంత?

డాక్టర్: కొంత ఉందండి. సంప్రదాయ పద్ధతిలో, గుండె నుంచి శరీరానికి రక్తం తీసుకెళ్లే బృహద్ధమనికి క్లాంప్ (బిగించే పట్టు) వేసి, పొటాషియం ఎక్కువగా ఉన్న ద్రావణంతో గుండెను ఆపి, దాని పనినీ ఊపిరితిత్తుల పనినీ హార్ట్-లంగ్ మెషీన్‌కు అప్పగిస్తాము. బీటింగ్ హార్ట్‌లో గుండెను ఆపము, మెషీన్ వాడము. కుట్టు పడే చోటును మాత్రం స్టెబిలైజర్‌తో కదలకుండా పట్టి ఉంచుతాము. రెండు మిల్లీమీటర్లయినా లేని నాళానికి వెంట్రుకంత సన్నని దారంతో కుట్లు వేయాలి గనుక, కాస్త కదలికైనా పరీక్షే.

వ్యాఖ్యాత: ఇది కొత్త పద్ధతేనా?

డాక్టర్: ప్రకటనల్లో మాత్రమే కొత్తది. లెనిన్‌గ్రాడ్‌లో కొలెసోవ్ అనే సర్జన్ 1964లోనే, మెషీన్ లేకుండా, రొమ్ము లోపలి ధమనిని గుండె నాళానికి అతికించారు.

వ్యాఖ్యాత: మరి ఫలితాలు?

డాక్టర్: అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 2,203 మందిపై జరిగిన రూబీ అధ్యయనంలో, ఏడాది తరువాత మూసుకుపోకుండా తెరుచుకుని ఉన్న గ్రాఫ్టులు, అంటే బైపాస్‌లో అతికించిన నాళాలు, మెషీన్‌తో 87.8 శాతం, మెషీన్ లేకుండా 82.6 శాతం. 19 దేశాల్లో 4,752 మందిపై జరిగిన కరోనరీ అధ్యయనంలో మాత్రం మరణం, పక్షవాతం, గుండెపోటు వంటివన్నీ కలిపి చూస్తే, అయిదేళ్ల తరువాత కూడా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రూబీలో సర్జన్‌కు మెషీన్ లేని పద్ధతిలో 20 కేసుల అనుభవం చాలన్నారు. కరోనరీలో వందకు పైగా ఉండాలన్నారు. నా దృష్టిలో అసలు కీలకం అక్కడే ఉంది. అందుకే పద్ధతి పేరు కంటే ముందు, ఆ సర్జన్ దానిని ఎంత తరచుగా చేస్తారో అడగమంటాను.

వ్యాఖ్యాత: మీరు సందేహించకుండా మెషీన్ వద్దనుకునే సందర్భం ఉందా?

డాక్టర్: ఉంది. బృహద్ధమని గోడలో సున్నం పేరుకుపోయిన వారికి క్లాంప్ వేస్తే, రాలిన తునకలు మెదడుకు చేరి పక్షవాతం రావచ్చు. వారికి రెండు రొమ్ము ధమనులనూ వాడి, బృహద్ధమనిని అసలు తాకకుండా పని ముగించగలిగితే అంతకన్నా కావలసింది లేదు.

వ్యాఖ్యాత: మధ్యలో రక్తపోటు పడిపోతే?

డాక్టర్: గుండె వెనుక వైపు నాళాల కోసం దానిని పైకెత్తినప్పుడు అలా జరుగుతుంది, ముఖ్యంగా ఉబ్బి బలహీనపడిన గుండెలో. దించి, కుదుటపడ్డాక మళ్లీ ప్రయత్నిస్తాము. అప్పటికీ నిలవకపోతే మెషీన్ మీదికి మార్చాల్సిందే, కానీ అలా హడావుడిగా మార్చిన కేసుల్లో ప్రమాదం, మొదటి నుంచీ మెషీన్‌పై చేసిన వాటికంటే ఎక్కువ. కాబట్టి వాడకపోయినా, మెషీన్‌నూ దానిని నడిపే పెర్ఫ్యూజనిస్టునూ థియేటర్‌లో సిద్ధంగా ఉంచుకునే మొదలుపెడతాము.