ట్రేడ్ మెషిన్ ఓకే అన్నంత మాత్రాన డీల్ అయిపోదు: ఎన్‌బీఏ ఫ్రీ ఏజెన్సీపై చర్చ

యాంకర్: అందరికీ నమస్కారం అండీ. ఇవాళ అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ గురించి మాట్లాడుకుందాం, అయితే మ్యాచ్‌ల గురించి కాదు, కాంట్రాక్టుల గురించి, ట్రేడ్ పుకార్ల గురించి, అంటే టీమ్‌లు ఆటగాళ్ళని మార్చుకుంటాయన్న పుకార్ల గురించి. ప్రతి ఏడాది జూన్ 30 సాయంత్రం ఆరింటికి అక్కడ ఫ్రీ ఏజెన్సీ తెరుస్తారు, అంటే కాంట్రాక్ట్ అయిపోయినవాళ్ళు కొత్త టీమ్‌లతో మాట్లాడుకోవచ్చు, మనకి అప్పుడు జులై 1 తెల్లవారుజాము మూడున్నర, అయినా ఫోన్ పట్టుకుని మేల్కొని కూర్చునేవాళ్ళు మన దగ్గర కూడా చాలామందే ఉన్నారు. స్టూడియోలో విజయవాడలో పిల్లలకి ఆట నేర్పే కోచ్ గారు ఉన్నారు, వృత్తిరీత్యా సీఏ అయినా ఎన్‌బీఏ శాలరీ క్యాప్‌ని, అంటే టీమ్ జీతాల పరిమితిని, మన ఇన్‌కమ్ ట్యాక్స్ అంత శ్రద్ధగా చదివే మేడమ్ ఉన్నారు, డాలస్ పక్కన ఇర్వింగ్ నుంచి వీడియోలో మన వరంగల్ అన్న ఉన్నారు. అన్నా, మీతోనే మొదలుపెడదాం, డాలస్ స్టార్ లూకా డాంచిచ్ ట్రేడ్ గురించి మాట్లాడొచ్చా?

డాలస్ నుంచి: మాట్లాడాలె తమ్మీ, మాట్లాడకపోతే ఎట్ల. 2025 ఫిబ్రవరి 1, శనివారం రాత్రి, ఇక్కడ పదకొండు దాటింది, ఎన్‌బీఏ వార్తలు ముందుగ చెప్పే రిపోర్టర్ షామ్స్ చరానియా పోస్ట్ పెట్టిండు, లూకా డాంచిచ్ లేకర్స్‌కి, ఆంథనీ డేవిస్ డాలస్‌కి అని. నేనొక్కన్నే కాదు, ఇక్కడ అందరం ఒక్కటే అనుకున్నం, ఆయన అకౌంట్ ఎవడో హ్యాక్ చేసిండని. ఇరవై అయిదేళ్ళ పోరడు, ముందు సీజన్ల లీగ్ మొత్తం మీద స్కోరింగ్ల ఫస్ట్, టీమ్‌ని ఫైనల్స్ దాక తీస్కపోయిండు, వాన్ని ఎవరన్న ఇస్తరా? ఒక్క పుకారు లేదు, ఒక్క ముచ్చట లేదు. ఏడాదంతా వెయ్యి ట్రేడ్లు ఊహించుకునే జనం, ఆ ఒక్కటి మాత్రం ఎవ్వరూ ఊహించలే.

యాంకర్: మనకి అప్పుడు ఆదివారం పొద్దున పదిన్నర దాటింది, నాకు ఇంకా గుర్తుంది గ్రూపుల్లో అందరూ ఇది ఫేక్ ఇది ఫేక్ అంటూనే ఉన్నారు. మేడమ్, డబ్బు లెక్క ఏమైనా ఉందా దీని వెనక?

సీఏ: ఉందండీ, కానీ అది మొత్తం కారణం అని నేను అనను. లూకా డాలస్‌లోనే ఉండి ఉంటే ఆ వేసవిలో సూపర్‌మ్యాక్స్‌కి, అంటే లీగ్‌లో ఇవ్వగలిగే అతిపెద్ద కాంట్రాక్ట్‌కి, అర్హత వచ్చేది, ఐదేళ్ళకి సుమారు 345 మిలియన్లు, అంటే 34 కోట్ల 50 లక్షల డాలర్లు. మామూలుగా ఏడు నుంచి తొమ్మిదేళ్ళ అనుభవం ఉన్నవాడికి క్యాప్‌లో 30 శాతం దాకా ఇవ్వొచ్చు, సూపర్‌మ్యాక్స్ అయితే 35, కానీ అది మొదట్నుంచీ తనతో ఉన్న టీమ్ మాత్రమే ఇవ్వగలదు, ట్రేడ్ అయిన క్షణంలో ఆ అర్హత పోతుంది. ఆ 345 మిలియన్లు ఎవరూ లూకా జేబులోంచి తియ్యలేదు గానీ ఇంక ఎవరూ ఇవ్వలేని పరిస్థితి అయితే వచ్చింది, అది అతను అడిగి తెచ్చుకున్నది కాదు. తర్వాత 2025 ఆగస్టులో లేకర్స్‌తో మూడేళ్ళకి 165 మిలియన్లకి సంతకం పెట్టాడు. మూడేళ్ళే ఎందుకంటే 2028కి పదేళ్ళ సర్వీసు నిండుతుంది, అప్పుడు ఏ టీమ్ అయినా 35 శాతం ఇవ్వొచ్చు. చాలా తెలివైన నిర్ణయం అది, మన గ్రూపుల్లో చాలామంది మూడేళ్ళే చేశాడు కాబట్టి లేకర్స్ మీద నమ్మకం లేదు అని రాసేశారు, అది తప్పు.

కోచ్: ఒక్క మాటండీ. డాలస్ వాళ్ళు బయటికి చెప్పిన కారణం డిఫెన్స్. జనరల్ మేనేజర్ నికో హారిసన్ డిఫెన్సే ఛాంపియన్‌షిప్పులు గెలిపిస్తుందని నమ్ముతున్నానన్నాడు. నేను కూడా పిల్లలకి పొద్దున్నుంచీ చెప్పేది డిఫెన్స్ గురించే, కానీ ఆ మాట చెప్పి లూకా లాంటోణ్ణి వదులుకోవడం ఏ కోచూ చెయ్యడు, నేనైతే ఒప్పుకోను.

డాలస్ నుంచి: మా దగ్గర ఫైర్ నికో అని అరవని రోజు లేదు సార్. ఫ్రీ త్రో వేసేటప్పుడు అరిచిన్రు, హాకీ మ్యాచ్ల గూడ అరిచిన్రు, అరీనా బయట శవపేటిక తెచ్చి పెట్టిన్రు. ఏప్రిల్ 9న లూకా మళ్ళొచ్చిండు, ఈసారి లేకర్స్ జెర్సీల, ఆటకి ముందు వీడియో వేస్తే బెంచ్ మీద కూసొని టవల్‌తోని కండ్లు తుడుసుకున్నడు, లేసి 45 పాయింట్లు కొట్టిండు. మా జనం వాని కోసమే చప్పట్లు కొట్టిన్రు, మా టీమ్ ఓడిపోతున్నా సరే. నవంబర్ల నికోను తీసేసిన్రు. మధ్యల డ్రాఫ్ట్ లాటరీల, అంటే కొత్త పిల్లల్ని ఎవరు ముందు ఎంచుకోవాల్నో తేల్చే దాంట్ల, 1.8 శాతం ఛాన్స్ ఉన్న మాకు ఫస్ట్ పిక్ తగిలింది, కూపర్ ఫ్లాగ్ వచ్చిండు, సంతోషమే, కానీ రెండూ వేర్వేరు తమ్మీ, ఒకటి వచ్చింది కాబట్టి ఇంకోటి మర్చిపోమంటే అయ్యేది కాదు.

యాంకర్: హైదరాబాద్ వాళ్ళకి వార్నర్ విషయంలో ఇలాగే అనిపించింది కదా. 2016లో కప్పు తెచ్చిన కెప్టెన్‌ని 2021లో సీజన్ మధ్యలో కెప్టెన్సీ తీసేసి తర్వాత బెంచ్ మీద కూర్చోబెట్టారు.

సీఏ: బాధ ఒకటే అయినా సిస్టమ్ వేరు అండీ, ఇక్కడే మనవాళ్ళు పొరపడతారు. ఐపీఎల్‌లో వేలం, ఆటగాడికి ఎటు వెళ్ళాలో ఎంచుకునే అవకాశం దాదాపు లేదు. ఎన్‌బీఏలో కాంట్రాక్ట్ అయిపోతే ఎంచుకోవచ్చు, కానీ కాంట్రాక్ట్ నడుస్తుండగా టీమ్ ఎక్కడికైనా పంపొచ్చు, ఆటగాడు ఒప్పుకోకపోతే పంపకూడదనే నో-ట్రేడ్ క్లాజ్ ఉంటే తప్ప, అది ఉన్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అభిమానులు ఆన్‌లైన్‌లో ట్రేడ్ లెక్కలు చూసే ట్రేడ్ మెషిన్ ఓపెన్ చేస్తారు, రెండు వైపులా జీతాలు సరిపోతే స్క్రీన్‌షాట్ తీసి డీల్ ఖాయం అంటారు. జీతాలు కలవడం అనేది మొదటి మెట్టు మాత్రమే. 2025 జనవరిలో జిమ్మీ బట్లర్ మయామీ నుంచి బయటపడాలనుకున్నప్పుడు చూడండి, ఫీనిక్స్‌కి వెళ్తాడు, బ్రాడ్లీ బీల్‌ని ఇస్తారు అని రోజుకో కాంబినేషన్. బీల్ జీతం 50 మిలియన్లు, బట్లర్‌ది దాదాపు 49, ఒకళ్ళకి ఒకళ్ళు లెక్క సరిపోతుంది. కానీ బీల్‌కి నో-ట్రేడ్ క్లాజ్ ఉంది, అతను ఊఁ అనాలి. మయామీకి ఆ కాంట్రాక్ట్ వద్దు, అంటే దాన్ని మోయడానికి ఇంకో టీమ్ కావాలి. పోనీ బీల్‌ని వదిలేసి చిన్న జీతాలు రెండు మూడు కలిపి పంపుదామా అంటే ఫీనిక్స్ సెకండ్ ఏప్రన్ పైన ఉంది, అక్కడున్న టీమ్ ఇద్దరి జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాణ్ణి తెచ్చుకోకూడదు. అన్ని దారులూ మూసుకుపోయాయి. చివరికి బట్లర్ గోల్డెన్ స్టేట్ వెళ్ళాడు, బీల్ ఆ జులైలో బయౌట్ తీసుకుని, అంటే కొంత డబ్బు వదులుకుని కాంట్రాక్ట్ తెంచుకుని, క్లిప్పర్స్‌కి వెళ్ళాడు.

యాంకర్: ఏప్రన్ అంటే ఏంటో కొత్తవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తారా.

సీఏ: ఒక్క ముక్కలో కష్టం, ప్రయత్నిస్తా. 2025-26కి శాలరీ క్యాప్ 154.6 మిలియన్లు. దాన్ని దాటొచ్చు, మీ సొంత ఆటగాళ్ళని నిలబెట్టుకోవడానికి బర్డ్ రైట్స్ లాంటి మినహాయింపులు ఉన్నాయి. ఇంకా పైకి వెళ్తే లగ్జరీ ట్యాక్స్. ఇంకా పైన 207.8 మిలియన్ల దగ్గర సెకండ్ ఏప్రన్, 2023 ఒప్పందంలో తెచ్చారు. అది దాటితే డబ్బు కట్టి ఊరుకోవడానికి లేదు, చేతులు కట్టేస్తారు, జీతాలు కలపకూడదు, ట్రేడ్‌లో క్యాష్ పంపకూడదు, పంపిన జీతం కంటే ఎక్కువ వెనక్కి తీసుకోకూడదు, ఏడేళ్ళ తర్వాతి ఫస్ట్ రౌండ్ పిక్‌ని కూడా ట్రేడ్ చెయ్యనివ్వరు. అంతకుముందు డబ్బున్న ఓనర్ ట్యాక్స్ కట్టుకుంటూ పోయేవాడు, ఇప్పుడు కుదరదు. బోస్టన్ 2024లో కప్పు కొట్టింది, 2025 వేసవిలో అదే టీమ్ హాలిడేని పోర్ట్‌లాండ్‌కి, పొర్జింగిస్‌ని అట్లాంటాకి పంపేసింది, వాళ్ళ స్టార్ టాటమ్‌కి మడమ దగ్గర అకిలీస్ తెగడం ఒక కారణం, ఈ గీత కింద పడాలనేది పెద్ద కారణం. అప్పుడు ఇంకా స్టార్‌ని తెస్తారు అని పుకార్లు రాసినవాళ్ళు ఈ ఒక్క గీత చూసి ఉంటే రాసేవాళ్ళు కాదు.

కోచ్: మేడమ్ లెక్క కరెక్టే, కాదనను. కానీ నాకు బాధ కలిగేది ఎక్కడంటే, ఈ ట్రేడ్ మెషిన్ అలవాటైపోయి మన పిల్లలు కూడా ఆటగాణ్ణి కాంట్రాక్ట్ పేరుతో పిలుస్తున్నారు, వాడొక ఎక్స్‌పైరింగ్, వాడొక బ్యాడ్ కాంట్రాక్ట్ అని. ఐజయా థామస్ సంగతి నేను మా పిల్లలకి ప్రతి బ్యాచ్‌లో చెప్తాను. ఐదడుగుల తొమ్మిదంగుళాల మనిషి, 2016-17లో బోస్టన్‌కి మ్యాచ్‌కి దాదాపు 29 పాయింట్లు కొట్టాడు, ఆ ఏడాది జీతం ఆరున్నర మిలియన్లు, ఒక స్టార్‌కి అది చాలా తక్కువ. ఏప్రిల్లో బోస్టన్ మొదటి ప్లేఆఫ్ మ్యాచ్‌కి ముందు రోజు చెల్లెలు కారు ప్రమాదంలో పోయింది, మర్నాడు వచ్చి ఆడాడు. తుంటి గాయంతో కూడా ఆడాడు. ఆగస్టులో క్లీవ్‌లాండ్‌కి పంపేశారు, కైరీ ఇర్వింగ్ కోసం. ఆ గాయం తర్వాత మళ్ళీ ఆ ఆట రాలేదు, 2018లో డెన్వర్‌తో మినిమమ్ జీతానికి ఒక్క ఏడాది సంతకం పెట్టాడు. టీమ్ రూల్ ప్రకారమే చేసింది, నేరమేం చెయ్యలేదు. కానీ ఇది చూశాక ఏ ఆటగాడైనా డబ్బు కోసం టీమ్ మారితే ద్రోహి అని తిట్టడానికి నాకు నోరు రాదు.

డాలస్ నుంచి: అది ఒప్పుకుంట సార్, కానీ మాట ఇచ్చి తప్పితే? 2015ల డిఆండ్రే జోర్డన్ మాకు మాట ఇచ్చిండు, వస్త అన్నడు, తర్వాత మోరటోరియం, అంటే సంతకాలు పెట్టకూడని రోజులు, నడుస్తుండంగనే క్లిప్పర్స్ వాళ్ళు హ్యూస్టన్ల ఆయన ఇంటికి పోయి కూసున్నరు, బ్లేక్ గ్రిఫిన్ తలుపుకి కుర్చీ అడ్డం పెట్టిన ఫోటో గూడ పెట్టిండు, జనమంత ఆటగాళ్ళు పెట్టిన ఎమోజీలు చూసి నవ్వుకున్నరు. మేం నవ్వలే. జోర్డన్ వస్తడని నమ్మి మిగతా ప్లాన్లన్నీ పక్కన పెట్టుకున్న టీమ్ మాది.

సీఏ: తప్పే, కానీ చట్టపరంగా తప్పు కాదన్నా. మోరటోరియం అయ్యేదాకా చాలా ఒప్పందాలు నోటి మాటలే, సంతకం ఉండదు. ఆ గొడవ తర్వాతే ఆ గడువు తగ్గించారు, ఇప్పుడు జులై 6 మధ్యాహ్నం దాకానే. కాబట్టి జులై 1న ఫలానావాడు ఒప్పుకున్నాడు అని వార్త చూస్తే అది ఇంకా వార్త మాత్రమే అని గుర్తుపెట్టుకోండి.

కోచ్: మరి మీ టీమ్ వదిలి న్యూయార్క్ వెళ్ళిన బ్రన్సన్?

డాలస్ నుంచి: అయ్యో, అది గూడ గెలుకుతరా సార్. బ్రన్సన్‌కి అప్పట్ల రూల్ ప్రకారం నాలుగేండ్లకి సుమారు 55 మిలియన్ల ఎక్స్‌టెన్షన్ ఇచ్చే వీలుండె, మావోళ్ళు టైముకి ఇయ్యలే. 2022ల న్యూయార్క్ 104 మిలియన్లకి తీస్కపోయింది, మాకు ఒక్క పిక్ గూడ రాలే. ముందే మాట్లాడుకున్నరని తేలి లీగ్ న్యూయార్క్‌కి శిక్ష ఏసింది, ఏంది శిక్ష? ఒక్క సెకండ్ రౌండ్ పిక్! గంత మంచి ఆటగానికి సెకండ్ రౌండ్ పిక్ పోతే ఎవడు భయపడతడు?

సీఏ: అది నిజంగా సిగ్గుపడాల్సిన శిక్ష. 2000లో జో స్మిత్ అనే ఆటగాడితో రహస్య ఒప్పందం రాసుకున్నందుకు మిన్నెసోటాకి ఐదు ఫస్ట్ రౌండ్ పిక్‌లు కోత వేశారు, 3.5 మిలియన్లు జరిమానా వేశారు, తర్వాత కొన్ని తిరిగిచ్చారు అనుకోండి, అయినా ఆ భయం వేరు. కానీ బ్రన్సన్ గురించి ఇంకో మాట చెప్పాలి. 2024లో ఇంకో ఏడాది ఆగి ఉంటే ఐదేళ్ళకి 269 మిలియన్లు దొరికేది, అతను నాలుగేళ్ళకి 156.5కే సంతకం పెట్టాడు, 113 మిలియన్లు టేబుల్ మీద వదిలేశాడు, టీమ్‌కి ఏప్రన్ దగ్గర చోటు మిగలాలని. అంత త్యాగం నాకు తెలిసి అరుదు.

కోచ్: అందరూ అలా చెయ్యాలి అని మాత్రం అడగొద్దండీ. మిల్వాకీకి ఆడిన స్టార్ లిల్లార్డ్‌ని చూడండి, ఏప్రిల్ 2025లో అకిలీస్ తెగింది, జులైకి మిల్వాకీ రిలీజ్ చేసేసింది, మిగిలిన 113 మిలియన్లని ఐదేళ్ళకి సాగదీసి ఏడాదికి 22.5 చొప్పున కడతారు, ఆ చోటులో మైల్స్ టర్నర్‌ని తెచ్చుకున్నారు. కాంట్రాక్ట్ గ్యారంటీ కాబట్టి లిల్లార్డ్ డబ్బు పోలేదు, తన పాత ఊరు పోర్ట్‌లాండ్‌కే తిరిగి వెళ్ళాడు, మూడేళ్ళకి 42 మిలియన్లు, ఈసారి నో-ట్రేడ్ క్లాజ్ పెట్టించుకుని మరీ. ఆ గ్యారంటీ లేకపోతే గాయపడ్డ మనిషి గతేంటి? నేను నా పిల్లలకి సంతకం విలువ ఇదే అని చెప్తా.

యాంకర్: చూస్తున్నవాళ్ళ నుంచి ఒక ప్రశ్న ఉంది, అంత డబ్బున్న లీగ్‌లో 2025లో గోల్డెన్ స్టేట్ కుర్రాడు కుమింగా లాంటివాళ్ళు కాంట్రాక్ట్ కోసం సెప్టెంబర్ ఆఖరు దాకా ఎందుకు ఆగాల్సి వచ్చింది అని.

సీఏ: మంచి ప్రశ్న, సూపర్‌స్టార్ పుకార్ల గోలలో దీని గురించి ఎవరూ మాట్లాడలేదు. అతను రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్, అంటే బయట టీమ్ ఎంత ఆఫర్ ఇచ్చినా పాత టీమ్ అంతే ఇచ్చి ఉంచేసుకోవచ్చు. ఆ వేసవిలో చెప్పుకోదగ్గ క్యాప్ స్పేస్ బ్రూక్లిన్‌కే ఉంది, మిగతావాళ్ళంతా ఏప్రన్‌లకి భయపడి కూర్చున్నారు, ఇంక ఆఫర్ ఎవరిస్తారు? చివరికి గోల్డెన్ స్టేట్‌తోనే రెండేళ్ళ కాంట్రాక్ట్, రెండో ఏడాది టీమ్ ఇష్టం. క్యామ్ థామస్ అయితే క్వాలిఫయింగ్ ఆఫర్, అంటే పాత టీమ్ ఇచ్చే ఒక్క ఏడాది కాంట్రాక్ట్, తీసుకున్నాడు. 2016లో క్యాప్ ఒక్కసారిగా 70 నుంచి 94 మిలియన్లకి ఎగిరినప్పుడు లేకర్స్ లుయోల్ డెంగ్‌కి నాలుగేళ్ళకి 72 మిలియన్లు ఇచ్చింది, రెండో సీజన్‌లో ఒక్క మ్యాచ్ ఆడించింది. ఏ ఏడాది మీ కాంట్రాక్ట్ అయిపోతుందనేదే సగం రాత.

కోచ్: అందుకే నా అభిప్రాయం, ఈ రిస్ట్రిక్టెడ్ రూల్ మార్చాలి. ఇరవై రెండేళ్ళ కుర్రాడు వేసవంతా ఒక టీమ్ దయ మీద ఉండకూడదు.

సీఏ: నేను ఒప్పుకోను సార్, అది తీసేస్తే చిన్న ఊళ్ళ టీమ్‌లు పెంచిన పిల్లల్ని నాలుగేళ్ళకే పెద్ద ఊళ్ళు ఎత్తుకుపోతాయి, ఓక్లహోమా సిటీ లాంటి చోట టీమ్ కట్టడమే కుదరదు.

డాలస్ నుంచి: పెంచిన పిల్లగాన్ని టీమే ఎత్తుకపోయి లేకర్స్‌కి ఇస్తే దానికి ఏ రూల్ ఉంది మేడమ్?

సీఏ: దానికి లేదన్నా. ఉండాలని మీరంటే నేను వాదించను.

యాంకర్: ఒక్క నిమిషం బ్రేక్ తీసుకుందాం, వచ్చాక కోచ్ గారి రిస్ట్రిక్టెడ్ రూల్ మీద మీ కాల్స్ తీసుకుంటాం.