ఢిల్లీ నుంచి తంతి వచ్చేదాకా
(ఐక్యరాజ్య సమితి దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. ఒక్కొక్కరి పేరూ చెప్పుకుంటూ పోతే ఇచ్చిన టైములో సగం దానికే సరిపోతుంది. అందుకని అందరికీ కలిపి ఒకే దండం.

గేటు దగ్గర బ్యానరు చూశాను. 'సమితిలో గర్జించిన మన రాయబారులు' అని పెద్దక్షరాల్లో రాశారు. కట్టినవాళ్ల మీద నాకు కోపమేమీ లేదు గానీ, ఆ 'గర్జించిన' అన్న మాటతోనే నా పేచీ. దాని మీద వేసింది నెహ్రూ కాలపు నేత వి.కె. కృష్ణ మీనన్ ఫొటో. న్యూయార్క్‌లో మన శాశ్వత ప్రతినిధుల, అంటే సమితి దగ్గర మన దేశం తరఫున ఉండే రాయబారుల, జాబితా పైనుంచి కిందిదాకా చదవండి, మీనన్ పేరు కనబడదు. ఆయన అక్కడికి వెళ్లింది ప్రతినిధి బృందం నాయకుడిగా. విజయలక్ష్మీ పండిట్ గారి సంగతీ అంతే. 1953లో సర్వప్రతినిధి సభకు (జనరల్ అసెంబ్లీకి) అధ్యక్షురాలైన తొలి మహిళ ఆవిడ, కానీ శాశ్వత ప్రతినిధి కుర్చీ ఆవిడది కాదు. ఆ కుర్చీలో ఒక మహిళ కూర్చోడానికి 2022 దాకా, రుచిరా కంబోజ్ గారి దాకా ఆగాల్సి వచ్చింది.

గర్జన అన్నారు కాబట్టి ఆ లెక్కే ముందు తేల్చేద్దాం. 1957 జనవరి 23, 24 తేదీల్లో భద్రతా మండలిలో కాశ్మీర్ మీద మీనన్ 7 గంటల 48 నిమిషాలు మాట్లాడారు. అది ఇప్పటికీ రికార్డే. మరి 24నే జరిగిన ఓటింగులో ఏమైందో ఎవరైనా చెబుతారా? ఆ వెనక వరసలో, సివిల్స్‌కి చదువుతున్నవాళ్లు? సరే, నేనే చెబుతాను. కాశ్మీర్ మీద మనకు గిట్టని తీర్మానం 10-0తో నెగ్గింది. సోవియట్ యూనియన్ ఒక్కటే తటస్థంగా ఉంది. ఎనిమిది గంటల ప్రసంగం ఒక్క ఓటునూ ఇటు లాగలేదు. పైగా ఆ ఏడు మనం మండలిలో సభ్యులం కాదు. పిలిస్తే వెళ్లి మాట్లాడొచ్చు గానీ ఓటు వేసే హక్కు లేదు. మనకు అసలు ఊరట దొరికింది ఫిబ్రవరి 20న, తర్వాతి ముసాయిదాను సోవియట్ వీటో, అంటే శాశ్వత సభ్యదేశం 'కాదు' అంటే తీర్మానం ఆగిపోయే హక్కు, ఆపినప్పుడు. ఆ రోజుల్లో శాశ్వత ప్రతినిధి ఆర్థర్ లాల్. ఆయన ఫొటో ఏ బ్యానరు మీదా ఉండదు.

ఇంతకీ ఈ శాశ్వత ప్రతినిధి చేసే పనేమిటి? ఢిల్లీకి వచ్చే విదేశీ రాయబారి తన అధికార పత్రాలు రాష్ట్రపతికి ఇస్తాడు. న్యూయార్క్‌లో రాష్ట్రపతి ఎక్కడున్నాడు? అక్కడ ఇచ్చేది సమితి సెక్రటరీ జనరల్‌కి. సర్వప్రతినిధి సభ హాల్లో ప్రతి దేశానికీ ఆరు సీట్లు, ముందు మూడు, వెనక మూడు. మొదటి సీటు ఏ దేశానిదో ఏటా చీటీ తీసి తేలుస్తారు. అక్కణ్నుంచి ఇంగ్లీషు అక్షరక్రమం. బల్ల మీద మూడు మీటలు: ఆకుపచ్చ అవును, ఎరుపు కాదు, పసుపు తటస్థం. తప్పు మీట నొక్కినవాళ్లూ లేకపోలేదు. యంత్రం మూసుకున్నాక లెక్క మారదు. 'మా ఉద్దేశం ఇదీ' అని తర్వాత సచివాలయానికి రాసి ఇస్తే, రికార్డులో అడుగున ఒక గమనికగా ఉండిపోతుంది, అంతే.

అయితే ఏ మీట నొక్కాలన్నది ప్రతినిధి ఇష్టం కాదు. ఢిల్లీ చెప్పాలి. నేను ఇవాళ ఇక్కడికి వచ్చింది ఈ ఒక్క ముక్క చెప్పడానికే. అందుకే 1950 జూన్ దగ్గర కాసేపు ఆగుతాను, ఓపిక పట్టండి.

అప్పటికి సమితికి ఇప్పుడున్న ఎత్తైన భవనం ఇంకా సిద్ధం కాలేదు. లాంగ్ ఐలండ్‌లో లేక్ సక్సెస్ అనే చోట, యుద్ధకాలంలో స్పెర్రీ కంపెనీ పరికరాలు తయారుచేసిన కార్ఖానాలో మండలి కూర్చునేది. (సరస్సు పేరే 'సక్సెస్'. ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరు కాదు, స్థానిక తెగ మాట అలా మారిందంటారు. అది వదిలేద్దాం.) మండలి అధ్యక్ష స్థానం ఇంగ్లీషు అక్షరక్రమంలో నెలకో దేశానికి వస్తుంది. జూన్ నెల భారత్‌ది. కుర్చీలో ఉన్నది బెనెగళ్ నర్సింగ్ రావు. మన రాజ్యాంగ సభకు సలహాదారుగా తొలి ముసాయిదా సిద్ధం చేసిన ఆయనే. మెల్లగా మాట్లాడే ఐ.సి.ఎస్. మనిషి.

25 ఆదివారం ఉత్తర కొరియా సేనలు రెండు కొరియాల మధ్య హద్దైన 38వ అక్షాంశం దాటాయి. ఆ మధ్యాహ్నమే మండలి కూర్చుంది. సమితిలో చైనా సీటు ఏ ప్రభుత్వానిదన్న వివాదం మీద సోవియట్ ప్రతినిధి జనవరి నుంచే సమావేశాలు బహిష్కరించాడు, కాబట్టి వీటో వేసే మనిషి లేడు. కాల్పులు ఆపాలి, సేనలు వెనక్కి పోవాలి అన్న తీర్మానం 9-0తో నెగ్గింది. యుగోస్లావియా తటస్థం. రావు గారు అవునన్నారు.

చిక్కంతా 27న. ఈసారి ముసాయిదా సాయుధ సాయం గురించి: దక్షిణ కొరియాకు సభ్యదేశాలు తోడ్పడాలని. రావు గారి దగ్గర ఢిల్లీ ఆదేశం లేదు. ఈజిప్టు ప్రతినిధికీ కైరో నుంచి రాలేదు. జూన్‌లో న్యూయార్క్ కంటే మన గడియారం తొమ్మిదిన్నర గంటలు ముందు. అక్కడ సాయంత్రం ఐదైతే ఢిల్లీలో రాత్రి రెండున్నర. రహస్య లిపిలో తంతి (టెలిగ్రాం) వెళ్లాలి, ఇక్కడ ఎవరో దాన్ని విప్పాలి, ప్రధానిని లేపాలి, జవాబు మళ్లీ లిపిలో పెట్టి పంపాలి. సమావేశాన్ని గంటల తరబడి ఆపి చూశారు. తంతి రాలేదు. చివరికి రాత్రి ఓటింగు పెట్టారు.

అధ్యక్షుడిగా ఓటింగు నడిపినాయన, ప్రతినిధిగా ఓటు వేయలేదు. తటస్థంగా ఉన్నారని చాలామంది రాస్తుంటారు. అది తప్పు. ఓటింగులో పాల్గొనలేదు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. తటస్థం అంటే అదొక వైఖరి, నా ప్రభుత్వం ఆలోచించి ఎటూ వద్దనుకుందని. పాల్గొనలేదంటే నా ప్రభుత్వం ఇంకా నాకేమీ చెప్పలేదని. రావు గారు న్యాయమూర్తిగా పనిచేసిన మనిషి, ఆ తేడా పాటించారు.

ఫలితం 7-1. యుగోస్లావియా ఒక్కటే వద్దంది. అప్పుడు మండలిలో 11 మందే, తీర్మానం నెగ్గడానికి 7 ఓట్లు కావాలి. అంటే సరిగ్గా అంచు మీద నెగ్గింది! ఒక్క ఓటు జారినా అది చిత్తుకాగితమే. రెండు రోజులకు, 29న, ఢిల్లీ ఆ తీర్మానాన్ని ఒప్పుకుంటున్నట్టు ప్రకటించింది. జులై 7న అమెరికా నాయకత్వంలో ఉమ్మడి సేన తీర్మానం వచ్చేసరికి మాత్రం నిజంగానే తటస్థంగా ఉన్నాం. సైన్యం పంపలేదు, 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్సును పంపాం. ఒప్పుకుంటాం గాని తుపాకి పట్టం, కట్టు కడతాం. ఆ గీత గీసింది ఢిల్లీ. దాన్ని అమెరికావాళ్ల ముందు రోజూ సమర్థించుకోవాల్సింది రావు గారు. ఇందులో గర్జన ఎక్కడుంది చెప్పండి?

చీటీ పంపారు, పది నిమిషాలట. సరే, త్వరగా పోతాను.

1971 డిసెంబరు, బంగ్లాదేశ్ యుద్ధం. శాశ్వత ప్రతినిధి సమర్ సేన్. ఆ ఏడూ మండలిలో మనకు ఓటు లేదు. 4, 5, 13 తేదీల్లో మూడు సోవియట్ వీటోలు. మధ్యలో 7న సర్వప్రతినిధి సభ కాల్పుల విరమణ కోరుతూ 104-11తో తీర్మానించింది, 10 దేశాలు తటస్థం. చూడ్డానికి చిత్తుగా ఓడినట్టే. కానీ సభ తీర్మానం సిఫారసే, మండలి తీర్మానంలా కట్టిపడేసేది కాదు. ఢాకాలో లొంగుబాటు 16న. సేన్ చేయాల్సిన పని ఆ పన్నెండు రోజులూ గడిచేలా చూడటం.

ఇక ఓటమి. 1996లో మండలి సీటుకు జపాన్ మీద పోటీ చేశాం. జపాన్‌కు 142, మనకు 40. సెప్టెంబరు 10న అణుపరీక్షల నిషేధ ఒప్పందానికి వ్యతిరేకంగా ఓటేసినవి మూడే దేశాలు: మనం, భూటాన్, లిబియా. నెల తిరగ్గానే అదే దేశాలను ఓట్లడిగాం. ఆ ఎన్నిక రహస్య బ్యాలెట్. కాగితం మీద రాసిచ్చిన మాట పెట్టెలో పడేదాకా నమ్మకూడదు. 1991-92 తర్వాత మండలిలో అడుగుపెట్టడానికి మళ్లీ 2011 దాకా పట్టింది. ఆ 2010 ఎన్నికలో కజకిస్థాన్ ముందే తప్పుకుంది, ఆసియా సీటుకు మనమొక్కళ్లమే, 187 ఓట్లు. పోటీ లేకుండా చూసుకోవడమే ఇక్కడ అసలు విద్య.

2017 నవంబరులో అంతర్జాతీయ న్యాయస్థానం ఎన్నిక చూడండి, మన హైదరాబాదు మనిషి సయ్యద్ అక్బరుద్దీన్ గారి కాలం. అభ్యర్థికి సభలో 97, మండలిలో 8 ఓట్లు, రెండుచోట్లా ఒకేసారి రావాలి. ఇక్కడ వీటో చెల్లదు. మన అభ్యర్థి దల్వీర్ భండారీ సభలో ముందున్నారు, బ్రిటన్ అభ్యర్థి గ్రీన్‌వుడ్ మండలిలో ముందున్నారు. ఒక రౌండు, ఇంకో రౌండు, ఎవరూ తగ్గరు. మూడు సమావేశాలకూ తేలకపోతే రెండు సభల నుంచి ముగ్గురేసి కూర్చుని తేల్చే ఉమ్మడి సంఘం నిబంధన ఒకటి ఉంది. ఆ దారి పడితే సభలోని మన బలం నీరుగారేది. 20న చివరి రౌండుకు ముందు బ్రిటన్ తప్పుకుంది. భండారీకి సభలో 183, మండలిలో మొత్తం 15. ఒక్కో రాయబారినీ పట్టుకుని 'ఈ రౌండులోనూ మాతోనే ఉన్నారు కదా' అని అడగడమే ఆ నెలంతా జరిగిన పని.

2024 నుంచి శాశ్వత ప్రతినిధి కుర్చీలో పర్వతనేని హరీష్ గారున్నారు. ఉస్మానియాలో చదివిన మనిషి. తెలుగువాడని సంబరపడండి, తప్పులేదు. కానీ ఆయన ప్రసంగం క్లిప్పు ఫోన్లలో పంపుకునేముందు, ఆ రోజు ఓటు ఎటు వేశారో, ఎందుకలా వేశామని వివరణ ఏమిచ్చారో చూడండి. రెండూ సమితి వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి.

విద్యార్థులకు ఒక్క పని అప్పగించి దిగుతాను. మండలి సమావేశాల నివేదికలకు ఎస్/పీవీ అని మొదలయ్యే నంబర్లుంటాయి. 1950 జూన్ 25ది 473, జూన్ 27ది 474. ఆ రెండూ తీయండి. 473లో రావు గారు ఏమన్నారో చదివి, 474లో ఆయన నోట ఎన్ని మాటలు వచ్చాయో లెక్కపెట్టుకుని రండి.