సీసాలో మబ్బు, పిండిలో చినుకు

అందరికీ నమస్కారం. మబ్బు గురించి చెప్పమంటే మనం ముందు బోర్డు మీద నీటి చక్రం గీస్తాం, బాణాలు పెడతాం, పిల్లలు దాన్ని అలాగే బట్టీపట్టి రాసేస్తారు. ఆ తర్వాత కిటికీలోంచి మబ్బు చూపించి ఇదెలా వచ్చిందని అడిగితే నోరు మెదపరు. నాకు బాధగా ఉండేది అక్కడే.

అందుకే సీసాతో మొదలుపెడదాం. పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ సీసాలో కొంచెం గోరువెచ్చని నీళ్లు పోసి, మూత బిగించి, బాగా ఊపి, గట్టిగా నొక్కి వదలండి. పెద్దగా ఏమీ కనిపించదు. ఇప్పుడు పెద్దవాళ్లే అగ్గిపుల్ల వెలిగించి ఆర్పి, ఆ పొగ కాస్త సీసాలోకి పోనిచ్చి, మళ్లీ మూత పెట్టి నొక్కి వదిలితే తెల్లటి మబ్బు కమ్ముకుంటుంది, నొక్కితే మాయం, వదిలితే మళ్లీ ప్రత్యక్షం! వదిలినప్పుడు గాలి వ్యాకోచించి చల్లబడుతుంది, ఆవిరి నీటి తుంపరలవుతుంది, కానీ ఆ తుంపర పట్టుకుని కూర్చోడానికి ఓ కణం కావాలి, పొగ ఇచ్చింది అదే. చాలామంది పొగ ఉన్న సీసా ఒక్కటే చూపించి చప్పట్లు కొట్టిస్తారు. దయచేసి అలా చేయకండి. పొగ లేని సీసా చూపించకపోతే అది గారడీ అవుతుంది, ప్రయోగం కాదు. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చేముందు ఏమవుతుందో పిల్లలే చెప్పాలి, తప్పు చెప్పినా సరే.

గాలి పీడనం చూపే బెలూన్ బారోమీటర్ మీకు తెలిసే ఉంటుంది. గాజు సీసా మూతికి బెలూన్ ముక్క బిగించి, దాని మీద స్ట్రా అతికించి, వెనక గీతల కాగితం పెడతాం. బయట పీడనం పెరిగితే బెలూన్ లోపలికి కుంగుతుంది, స్ట్రా కొస పైకి లేస్తుంది. కానీ సీసాలోని గాలి వేడికి కూడా ఉబ్బుతుంది. గది 3 డిగ్రీలు వేడెక్కితే, బయట పీడనం దాదాపు 10 హెక్టోపాస్కల్స్ (గాలి పీడనాన్ని కొలిచే యూనిట్) తగ్గినంత పని చేస్తుంది. అంటే ఎండ తగిలితే చాలు, పీడనం పడిపోయి తుఫాను వస్తోందన్నట్టు స్ట్రా కిందికి దిగిపోతుంది. పక్కనే థర్మామీటర్ పెట్టి రెండూ రాయించండి, ఎప్పుడు నమ్మాలో ఎప్పుడు నమ్మకూడదో పిల్లలే పట్టేస్తారు.

వర్షమాపకానికి గోడలు నిటారుగా ఉన్న డబ్బా చాలు. 1 మిల్లీమీటర్ వాన అంటే చదరపు మీటరుకు 1 లీటరు నీళ్లు, అంతే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పిండి ప్రయోగం. మంచు స్ఫటికాల ఫొటోలు తీసిన విల్సన్ బెంట్లీ 1904లోనే చినుకుల పరిమాణం గురించి ఇలా తెలుసుకున్న సంగతి ప్రచురించాడు. వెడల్పాటి పళ్లెంలో జల్లించిన పిండి మందంగా పరిచి, మూత పెట్టి వానలోకి తీసుకెళ్లి, కొన్ని క్షణాలు మూత తీసి మళ్లీ పెట్టేయాలి. ఉరుములు, మెరుపులు ఉంటే మాత్రం బయటికి వద్దు. చినుకు పడ్డ చోటల్లా పిండి ఉండ కడుతుంది, ఆ ఉండలు పూర్తిగా ఆరాక జల్లిస్తే ఒక్కో చినుకూ చేతికొస్తుంది! డ్రాపర్‌తో ఒక నీటిచుక్క వేసి, దాని ఉండ పక్కన పెట్టి పోల్చమనండి. తుంపరకీ జడివానకీ తేడా ఇక మీరు చెప్పక్కర్లేదు.

సరే, మీ ముందున్న సీసాలు తీసుకోండి. పొగ లేనిది ముందు.