స్కోరింగ్ మెషీన్ ఆట సామానా, కరెంటు సామానా? కస్టమ్స్‌లో ఏ కోడ్ వేయాలి

నమస్తే అండీ. ముందు ఈ డబ్బా చూడండి.

(కెమెరా దగ్గరికి. డబ్బా ముందు వైపు.)

పెద్ద టిఫిన్ బాక్సంత ఉంది. ఓ పక్క ఎర్ర లైటు, ఇంకో పక్క పచ్చ లైటు, వాటి దగ్గరే చెరో తెల్ల లైటు, వెనకాల వైర్లు గుచ్చే సాకెట్లు, లోపల బజర్. ఫెన్సింగ్‌లో, అంటే కత్తులతో ఆడే ఆటలో, దెబ్బ ఎవరిదో చెప్పేది ఇదే. ఎపే అనే కత్తి మొనకి చిన్న బటన్ ఉంటుంది, దాని మీద 750 గ్రాములకి మించి ఒత్తిడి పడితేనే దెబ్బ కింద లెక్క, ఆటగాడి జాకెట్ లోపలి నుంచి వచ్చే వైరు ఆ సంగతి ఈ డబ్బాకి చేరవేస్తుంది, లైటు వెలుగుతుంది, బజర్ మోగుతుంది. సెకనులో ఇరవై ఐదో వంతు లోపు ఇద్దరూ తగిలిస్తే రెండు లైట్లూ వెలుగుతాయి. ఎపేలో ఈ పద్ధతి 1936 బెర్లిన్ ఒలింపిక్స్ నుంచే ఉంది.

మరి ఇది విదేశం నుంచి వైజాగ్ పోర్టుకి వస్తే బిల్ ఆఫ్ ఎంట్రీలో, అంటే దిగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కి ఇచ్చే పత్రంలో, ఏ కోడ్ వేయాలి? ఆట సామాను అని 9506 వేయాలా, లైటూ బజరూ ఉన్న సిగ్నల్ పరికరం అని 8531 వేయాలా? దీన్ని బట్టి కట్టే సుంకంలో లక్షల్లో తేడా వస్తుంది, అందుకే ఈ వీడియో.

నేను పోర్ట్ ఏరియాలో క్లియరెన్స్ పని చేస్తాను. ఒక కోచ్ గారు పిల్లల తల్లిదండ్రుల దగ్గర కొంత, తన జేబులోంచి కొంత వేసుకుని ఇలాంటి సామాను తెప్పించారు. ఎల్‌సీఎల్ సరుకు, అంటే ఒకే కంటైనర్‌లో వేరేవాళ్ళ సామానుతో కలిసి వచ్చింది, సీఎఫ్‌ఎస్‌లో, అంటే కంటైనర్లు విప్పే గోదాములో, దిగింది. సప్లయర్ ఇన్వాయిస్‌లో ఒకే ఒక్క లైను: 'ఎలక్ట్రానిక్ స్పోర్ట్స్ స్కోరింగ్ సెట్, 1'. అంతే. కస్టమ్స్ నుంచి క్వెరీ వచ్చింది, కేటలాగ్ పెట్టమన్నారు, సప్లయర్ నుంచి జవాబు రావడానికి రోజులు పట్టింది, ఈలోపు గ్రౌండ్ రెంట్, అంటే సరుకు అక్కడ ఉంచినందుకు కట్టే అద్దె, పెరుగుతూనే ఉంది. చివరికి పెట్టె తెరిచి చూస్తే లోపల రెండు డబ్బాలు, వైరు చుట్టుకునే రీళ్ళు, బాడీ కార్డులు (ఆటగాడి జాకెట్ లోపల ఉండే వైర్లు), గోడకి తగిలించే ఎల్‌ఈడీ స్కోర్‌బోర్డు, ఒక రిమోట్, స్పేర్ మొనలు. ఆరు రకాల సామానుకి ఒక్క పేరు. టోర్నమెంట్ దగ్గర పడుతుంటే ఆయన రోజూ ఫోన్ చేసి 'ఇవాళైనా వస్తుందా అండీ' అని అడిగేవారు, నాకు ఇప్పటికీ గుర్తే. ఆ క్వెరీ అడిగిన ఆఫీసర్‌ది తప్పని నేను అనను, ఆ ఇన్వాయిస్ చూస్తే ఎవరైనా అడుగుతారు.

(తెర మీద: 9506 – 8531 – 9106)

కోడ్ ఎలా తేలుతుందో చూద్దాం. ఈ నంబర్లు మనవాళ్ళు సొంతంగా పెట్టుకున్నవి కావు, బ్రస్సెల్స్‌లో ఉన్న వరల్డ్ కస్టమ్స్ ఆర్గనైజేషన్ తయారుచేసిన హార్మొనైజ్డ్ సిస్టమ్ లోవి, అది 1988 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మొదటి ఆరు అంకెలు ఆ పద్ధతి పాటించే దేశాలన్నిటికీ ఒకటే, చివరి రెండూ కలిపి మనకి 8 అంకెలు. మన దగ్గర ఇది 1975 కస్టమ్స్ టారిఫ్ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంటుంది. దాన్ని చదవడానికి ఆరు సూత్రాలున్నాయి, అన్నిటికన్నా మొదటిదే ముఖ్యం: హెడింగ్‌లో, అంటే 9506 లాంటి నాలుగంకెల కోడ్ దగ్గర, రాసిన మాటలు, సెక్షన్ నోట్లు, చాప్టర్ నోట్లు, వీటిని బట్టే తేల్చాలి. చాప్టర్ అంటే కోడ్‌లో మొదటి రెండు అంకెలు, దాని పేరు వెతుక్కోవడానికి మాత్రమే. మన వాళ్ళు చాలామంది ఇక్కడే జారిపోతారు, చాప్టర్ పేరులో 'స్పోర్ట్స్' కనిపించగానే 95 వేసేస్తారు.

9506లో ఏముంది? వ్యాయామానికి, జిమ్నాస్టిక్స్‌కి, అథ్లెటిక్స్‌కి, ఇతర ఆటలకి వాడే వస్తువులు, పరికరాలు. 8531లో ఏముంది? శబ్దంతోనో వెలుగుతోనో సంకేతం ఇచ్చే విద్యుత్ పరికరాలు: బెల్లులు, సైరన్లు, ఇండికేటర్ ప్యానెళ్ళు. ఇక్కడ అందరూ చూడాల్సిన మాట ఒకటుంది. 8531 మీద ఉన్న వివరణల్లో, అంటే ఎక్స్‌ప్లనేటరీ నోట్స్‌లో, గుర్రప్పందేల మైదానాలు, ఫుట్‌బాల్ స్టేడియాలు, బౌలింగ్ ఆలీల ఇండికేటర్లని పేరు పెట్టి చెప్పారు. అంటే ఆట దగ్గర వాడినంత మాత్రాన ఆట సామాను అయిపోదు. ఈ వివరణలకి మన దేశంలో ఎంత బరువుందంటే, 1995లో వుడ్‌క్రాఫ్ట్ ప్రోడక్ట్స్ కేసులో సుప్రీంకోర్టు, వర్గీకరణలో సందేహం వస్తే వీటినే దారిగా తీసుకోమని చెప్పింది.

కాబట్టి పీఎం పాలెం క్రికెట్ స్టేడియంలో ఉండేలాంటి, అంకెలు చూపించడమే పనిగా ఉన్న ఎల్‌ఈడీ బోర్డు అయితే, నా లెక్కలో అది 8531 20, అంటే 8531లోనే ఎల్‌ఈడీ ప్యానెళ్ళకి ఉన్న ఆరంకెల కోడ్. వీడియో కూడా ఆడే పెద్ద తెర అయితే సంగతి వేరు, మానిటర్లు ఉండే 8528 ప్రశ్న లేస్తుంది. ముందే సప్లయర్‌ని అడగండి, వీడియో సిగ్నల్ తీసుకుంటుందా లేదా అని.

ఇప్పుడు మన డబ్బా. ఇది కష్టం. లైటు, బజర్ చూస్తే 8531 అనిపిస్తుంది. కానీ 85వ చాప్టర్ ఉన్న సెక్షన్ 16 మొదటి నోట్‌లోనే '95వ చాప్టర్ వస్తువులు ఇక్కడికి రావు' అని ఉంది. అంటే ముందు తేల్చాల్సింది ఇది 95 వస్తువా కాదా అని, అవునంటే 8531 తలుపు మూసుకున్నట్టే. ఈ డబ్బా ఫెన్సింగ్‌లో తప్ప ఇంకెక్కడా పనికిరాదు, దెబ్బ చెల్లుతుందో లేదో ఆట నియమం ప్రకారం తేలుస్తుంది, పైగా 95వ చాప్టర్ మూడో నోట్, ఆ చాప్టర్ వస్తువులతోనే లేదా ముఖ్యంగా వాటితో వాడే విడిభాగాలు, యాక్సెసరీలని వాటితో పాటే పెట్టమంటుంది. అందుకే నేను 9506 వైపు మొగ్గుతాను. వేరేవాళ్ళు స్టేడియం ఇండికేటర్ల మాట చూపించి 8531 అనొచ్చు, ఆ వాదనలోనూ బలముంది. ఇలాంటి చోట ఊహ మీద నడవకండి.

రిమోట్ సంగతి కూడా చెప్పాలి. 95వ చాప్టర్ మొదటి నోట్ రేడియో రిమోట్లని 8526కి, ఇన్‌ఫ్రారెడ్ రిమోట్లని 8543కి పంపేస్తుంది. విడిగా లైను వేసి తెప్పిస్తే గుర్తుపెట్టుకోండి.

టైమర్లు మూడో దారి. కబడ్డీ రైడ్‌కి 30 సెకన్ల గడియారం ఉంటుంది కదా, అలా సమయం కొలిచి చూపించడమే పని అయితే, లోపల క్వార్ట్జ్ లాంటి క్లాక్ మూవ్‌మెంట్ ఉంటే, 9106 చూడాలి. ఈత పోటీల టచ్‌ప్యాడ్, స్టార్ట్ సిగ్నల్, టైమర్, బోర్డు అన్నీ కలిపి వస్తే 'అంతా ఒకే యూనిట్ కదా' అనేవాళ్ళున్నారు. సెక్షన్ 16 నాలుగో నోట్ ఆ వెసులుబాటు ఇస్తుంది గానీ, అన్నీ కలిసి చేసే పని 84 లేదా 85 చాప్టర్ హెడింగ్‌లో ఉంటేనే. 90వ చాప్టర్‌కి కూడా దాన్ని వర్తింపజేశారు. 91కి, 95కి లేదు.

డబ్బు లెక్క. 2018 బడ్జెట్‌లో 9506 కింద ఆటల సామాను మీద బేసిక్ డ్యూటీ, అంటే అసలు దిగుమతి సుంకం, 10 నుంచి 20 శాతం అయింది, వ్యాయామం, జిమ్నాస్టిక్స్, అథ్లెటిక్స్ సామాను ఆ పెంపులో లేదు. 8531 20 ఏమో ఐటీ ఒప్పందంలోని, అంటే ఐటీ సరుకుల మీద సుంకం తీసేయడానికి దేశాలు చేసుకున్న ఒప్పందంలోని, సరుకు, బేసిక్ డ్యూటీ సున్నా. 10 లక్షల సరుకు అనుకోండి, 20 శాతం చొప్పున 2 లక్షలు, దాని మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జి 20 వేలు. 2,20,000 ఒకవైపు, సున్నా ఒకవైపు. ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద పడే జీఎస్టీ, దీని పైన. సాధారణంగా బిల్ వేసే రోజు ఉన్న రేటే వర్తిస్తుంది కాబట్టి ఆ రోజు మళ్ళీ చూసుకోండి.

సున్నా కనిపించింది కదా అని అన్నిటికీ 8531 20 వేయమని నన్ను అడిగేవాళ్ళున్నారు. వేయను. 2011 నుంచి సెల్ఫ్ అసెస్‌మెంట్, అంటే సుంకం మనమే లెక్కకట్టి చెప్పాలి, కోడ్ బాధ్యత మనదే. తక్కువ కట్టారని తేలితే కస్టమ్స్ చట్టం 28వ సెక్షన్ కింద రెండేళ్ళ లోపు నోటీసు ఇవ్వొచ్చు, కావాలని దాచారంటే ఐదేళ్ళు, పైగా 15 శాతం వడ్డీ. వస్తువు ఏమిటో ఉన్నదున్నట్టు రాసి, కోడ్ మీద మాత్రమే తేడా వస్తే మన మాట నిలబడే అవకాశం ఉంటుంది. వివరమే దాస్తే ఏమీ మిగలదు.

నిజంగా అనుమానం ఉంటే సరుకు బయల్దేరకముందే అడ్వాన్స్ రూలింగ్‌కి, అంటే కోడ్ ఏదో ముందే అధికారికంగా తేల్చి చెప్పమని అడగడానికి, వెళ్ళొచ్చు, ఢిల్లీలో, ముంబైలో ఆ అథారిటీలు ఉన్నాయి. వచ్చిన రూలింగ్ మూడేళ్ళు చెల్లుతుంది, ఈలోపు చట్టం మారితే అంతవరకే. సరుకు ఇప్పటికే వచ్చేసి ఉంటే ప్రొవిజనల్ అసెస్‌మెంట్, అంటే తాత్కాలికంగా సుంకం లెక్క, అడగండి, బాండ్ ఇచ్చి సరుకు తీసుకెళ్ళొచ్చు.

(తెర మీద: రెండు ఇన్వాయిస్‌లు పక్కపక్కన)

ఎడమ వైపుది ఇందాక చెప్పిన ఒక్క లైను ఇన్వాయిస్. కుడి వైపుది అదే కోచ్ గారికి రెండోసారి వచ్చింది. డబ్బా ఒక లైను, రీళ్ళు ఒక లైను, బాడీ కార్డులు, బోర్డు, రిమోట్, మొనలు, దేనికి దాని ధర, మోడల్ నంబరు, పక్కన ఏం పని చేస్తుందో ఒక వాక్యం. సీహెచ్‌ఏ, అంటే మీ తరఫున కస్టమ్స్ పని చూసే ఏజెంట్, మీకు చెక్‌లిస్ట్, అంటే బిల్ ఆఫ్ ఎంట్రీ ముసాయిదా, పంపినప్పుడు ఫోన్లో ఓకే అని పెట్టేయకుండా ఆ లైన్లన్నీ ఇలా ఒక్కొక్కటి చదవండి. రిమోట్ లైను దగ్గర కోచ్ గారు ఆగి, 'ఇది రేడియోనా, ఇన్‌ఫ్రారెడ్డా' అని నన్నే అడిగారు.