మంచాన పడకముందే రాసుకోవాల్సిన కాగితాలు

పెద్దలందరికీ నమస్కారం. మీలో ఎంతమంది ఇల్లు పిల్లల పేరున రాసేశారో చేతులెత్తమని అడగను. ఆ చెయ్యి ఎత్తడం ఎంత కష్టమో నా వకీలు పనిలో చాలా చూశాను. ముందు మా ఇంటి సంగతి చెబుతాను.

మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది. ఆస్పత్రిలో పదకొండు రోజులున్నారు. బిల్లు చాలావరకు ఇన్సూరెన్స్ కట్టింది, గండం గడిచిందనుకున్నాం. అసలు ఖర్చు ఇంటికొచ్చాక మొదలైంది. పగలొక మనిషి, రాత్రొక మనిషి, డైపర్లు, గాలి పరుపు, ఫిజియోథెరపీ. అలా నాలుగేళ్లు. మన పాలసీలు చాలావరకు ఆస్పత్రిలో చేరితేనే పనికొస్తాయి. 70 ఏళ్లు నిండినవారికి 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్‌లో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఉంది. కార్డు తప్పకుండా తీసుకోండి. కానీ మంచం పక్కన కూర్చునే మనిషి జీతం అందులోంచి రాదు.

నాన్నగారికి డబ్బు లేక కాదు. ఎఫ్‌డీలన్నీ ఆయన ఒక్కరి పేరునే ఉన్నాయి. మాట పోయింది, సంతకం పెట్టే చెయ్యి పడిపోయింది. అమ్మ నామినీ కదా అన్నాం. నామినీకి డబ్బు చేతికొచ్చేది మనిషి పోయాకే. ఆయన మా కళ్లముందే ఉన్నారు, ఆయన డబ్బు ఆయన మందులకే అందలేదు. ఆ టెన్షన్ మీ ఇంట్లో ఎవరికీ రాకూడదనే ఇక్కడికి వచ్చాను.

పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మన తరఫున పనులు చక్కబెట్టమని ఇంకొకరికి ఇచ్చే అధికారపత్రం, రాశాం కదా అని కొందరు ధైర్యంగా ఉంటారు. కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చిన మనిషికి మతి తప్పితే ఆ అధికారం పోతుంది. అంటే అల్జీమర్స్ ముదిరి ఆ కాగితం నిజంగా కావాల్సిన రోజుకి అది చెల్లదు. అప్పుడు గార్డియన్‌గా నియమించమని హైకోర్టు దాకా వెళ్లాల్సి రావచ్చు. అందుకని ఒంట్లో బాగున్నప్పుడే ఖాతాలు జాయింట్ చేయించుకోండి. ఎఫ్‌డీ గడువుకు ముందే తీయాలంటే ఇద్దరి సంతకాలూ అడుగుతారు, దాని గురించి బ్యాంకులో ముందే మాట్లాడి రాసిపెట్టించండి.

ఇక ఇల్లు. వీలునామాను బతికున్నంతకాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. దాన సెటిల్‌మెంట్, అంటే బతికుండగానే ఇల్లు ఇచ్చేసే దస్తావేజు, అలా కాదు, రిజిస్టరయ్యాక ఇల్లు మీది కాదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కొంత రక్షణ ఇచ్చింది. చూసుకుంటామన్న షరతుమీద రాయించుకుని చూడకపోతే, ట్రిబ్యునల్ ఆ దస్తావేజును రద్దు చేయవచ్చు. గొడవంతా ఆ షరతు దగ్గరే. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు, షరతు ఉన్నట్టు రుజువు కావాలంది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో మాత్రం చట్టాన్ని పెద్దల మేలు కోరి చదవాలని చెప్పి, కొడుక్కి రాసిన ఇంటిని ఆమెకు తిరిగి ఇప్పించింది. అక్కడ చూసుకుంటానని కొడుకు రాసిన కాగితం ఉంది. అందరి దగ్గరా అలాంటిది ఉండదు.

కాబట్టి రాయక తప్పకపోతే, ‘మేం బతికున్నంతకాలం నివాస హక్కు, అద్దె హక్కు మావే, మా పోషణ, వైద్యం నీ బాధ్యత’ అని దస్తావేజులోనే రాయించండి. దస్తావేజు లేఖరి ‘కన్నకొడుకే కదండీ, ఇవన్నీ ఎందుకు’ అంటారు. వినకండి. అది కొడుకుమీద అనుమానం కాదు. రేపు ఆ కొడుకే లేకపోతే ఇల్లు ఎవరి చేతికి పోతుందో మనకు తెలియదు.

పిల్లలు చూడకపోతే ఆర్డీవో దగ్గరుండే ట్రిబ్యునల్‌లో మనోవర్తి అడగవచ్చు. కానీ చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితి నెలకు 10,000. హైదరాబాద్‌లో రాత్రింబవళ్లు ఉండే అటెండెంటుకు అది చాలదు. అందుకే మీ ఖర్చు వెళ్లే ఆస్తిని ముందు మీ పేరున ఉంచుకోండి, పంపకం తర్వాత చూద్దాం.

ఇంకో మాట. ఇళ్లలో ఒళ్లు తుడిచేది, పక్క మార్చేది చాలావరకు కోడలో కూతురో. ఆస్తి కాగితాల్లో మాత్రం వాళ్ల పేరు కనిపించదు. నాలుగేళ్లు నాన్నగారి పక్కన ఉన్నది మా చెల్లెలు. వీలునామా రాసేటప్పుడు మీ ఇంట్లో ఆ మనిషి ఎవరో గుర్తుచేసుకోండి.

ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేని బాధ ఉంటే 14567కి ఫోన్ చేయండి, అది వృద్ధుల ఉచిత హెల్ప్‌లైన్. మీటింగ్ అయ్యాక నేను వరండాలో కూర్చుంటాను. దస్తావేజు జిరాక్స్ తెచ్చినవాళ్లు వరసగా రండి, షరతు ఉందో లేదో చదివి చెబుతాను.