84 డిగ్రీల గీత పక్కన పొలం కొలత

అందరికీ నమస్కారం.

కంప్యూటర్‌లో పొలం చుట్టూ గీత గీయగానే విస్తీర్ణం మూడు దశాంశాలతో కనబడుతుంది. ఆ దశాంశాలను నమ్మకండి. ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదును పటంగా మార్చే పద్ధతి) సరిగ్గా పెట్టామా, గట్టు మీదే గీశామా అన్నదాన్ని బట్టే లెక్క నిలుస్తుంది.

పటాలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో మొదటి లేయరుగా ఉపగ్రహ చిత్రం తెచ్చుకుంటే ప్రాజెక్టు వెబ్ పటాల ప్రొజెక్షనైన వెబ్ మెర్కేటర్‌లోకి వెళ్లిపోతుంది. దాని గుర్తింపు సంఖ్య, అంటే ఈపీఎస్‌జీ కోడు, 3857. ఒడిశాలోని మన పర్లాకిమిడి అక్షాంశంలో ఆ పటం మీద ఎకరం దాదాపు 112 సెంట్లవుతుంది. అందుకే పొలం హద్దు గీసే పాలిగాన్ లేయరు యూటీఎంలో చేసుకోవాలి. అది భూమిని ఆరేసి డిగ్రీల జోన్లుగా విడదీసి, మీటర్లలో కొలిచే ప్రొజెక్షన్. మనకు అక్కడా ఒక చిక్కుంది. 44, 45 జోన్ల హద్దు 84 డిగ్రీల తూర్పు రేఖాంశం. కాశీనగరం, గుణుపురం దానికి పడమర, 44లో. పర్లాకిమిడి సుమారు పది కిలోమీటర్లు తూర్పున, 45లో. ఒక పనికి ఒకే జోను పెట్టుకోండి: 44కి ఈపీఎస్‌జీ 32644 గానీ, 45కి 32645 గానీ. జోను అంచున యూటీఎం 0.17 శాతం ఎక్కువ చూపిస్తుంది, ఎకరానికి సుమారు 73 చదరపు అడుగులు. ఆ తేడా కూడా వద్దనుకుంటే ప్రాజెక్టు ప్రాపర్టీస్‌లో ఎలిప్సాయిడ్‌ను (భూమి ఆకారపు నమూనాను) డబ్ల్యూజీఎస్ 84గా ఉంచి, ఫీల్డ్ క్యాలిక్యులేటర్‌లో డాలర్ గుర్తున్న ఏరియా ($area) వాడండి. అది భూమి వంపును లెక్కలోకి తీసుకుంటుంది. డాలర్ లేని ఏరియా ఫంక్షన్ మాత్రం లేయరు ప్రొజెక్షన్ మీద చదును లెక్కే ఇస్తుంది.

అసలు నష్టం గట్టు దగ్గర జరుగుతుంది. నలుచదరపు ఎకరం ఒక్కో పక్క 63.6 మీటర్లు. నాలుగు వైపులా మీటరు బయటికి గీస్తే ఆరు సెంట్ల పైన పెరుగుతుంది. పది సెంట్ల ఇంటి స్థలంలో అదే పొరపాటు రెండు సెంట్లు, అంటే ఐదో వంతు. ఫోన్ జీపీఎస్ ఆరుబయటే మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ అవుతుంది, జీడితోటల నీడలో ఇంకా ఎక్కువ. చిన్న స్థలాలకు ఫోను పనికిరాదు. నాలుగు పక్కలూ, ఒక ఐమూలా టేపుతో కొలిచి రెండు త్రిభుజాలుగా లెక్క కట్టండి. కొండవాలులో టేపును మట్టంగా పట్టాలి. ఇరవై డిగ్రీల వాలు మీద పరిచి కొలిస్తే ఆ పక్క ఆరు శాతం ఎక్కువ వస్తుంది.

గ్రామపటం మైలుకు 16 అంగుళాల స్కేలుదైతే, ఒక మిల్లీమీటరు నేల మీద దాదాపు నాలుగు మీటర్లు. సిరా గీత అర మిల్లీమీటరున్నా రెండు మీటర్లు! దాన్ని జియోరెఫరెన్స్ చేసేటప్పుడు, అంటే స్కాన్ చేసిన పటాన్ని నేల మీది అసలు చోట్లతో కలిపేటప్పుడు, నాలుగు మూలలతో ఆగకండి, ఊరి హద్దులు కలిసే రాళ్లనూ మధ్యలో పాత బావుల్నీ తీసుకోండి. పటాన్ని సాగదీసి ప్రతి పాయింటుకూ అతికించే థిన్ ప్లేట్ స్ప్లైన్ పద్ధతి పెడితే రెసిడ్యువల్ (పాయింటు దగ్గర మిగిలే తేడా) సున్నా చూపిస్తుంది, తప్పు పాయింటు అందులో దాగిపోతుంది. మొదట, పటాన్ని వంచకుండా సరిపెట్టే పాలినోమియల్ 1 పెడితే అది బయటపడుతుంది.

ఇక యూనిట్లు. తెలంగాణ, మహారాష్ట్ర లెక్కలో ఎకరానికి 40 గుంటలు, ఒడిశాలో 25. ఇక్కడి గుంట నాలుగు డెసిమల్, అక్కడిది రెండున్నర సెంట్లు. డెసిమల్, సెంటు రెండూ 40.47 చదరపు మీటర్లే. అందుకే కాగితం మీద చదరపు మీటర్లు ముందు రాసి, పక్కన డెసిమల్, ఈపీఎస్‌జీ కోడు, చిత్రం తేదీ వేయండి. ఇది అమీను (ప్రభుత్వ సర్వేయరు) కొలతకు బదులు కాదు, ఆయన ముందు పెట్టి పోల్చి చూడమని అడగడానికి.