ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్, ఫజ్: మూడూ ఒకటే అనొద్దు సామీ

ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్, ఫజ్ అంటే గిటారుకు తగిలించి శబ్దాన్ని గరగరలాడించే పెడల్ డబ్బాలు. నిన్న మా కావలి కుర్రాడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, ఓవర్‌డ్రైవ్ చాలట్లేదు. డిస్టార్షన్ కొంటే అదే ఇంకొంచెం ఎక్కువొస్తుంది కదా?" అన్నాడు. రాదు సామీ! ఈ మాట వినీ వినీ విసుగొచ్చి కెమెరా ముందు కూర్చున్నా.

తిరునాళ్ళలో మైకుసెట్టు గుర్తు తెచ్చుకోండి. సౌండు కాస్త ఎక్కువే పెట్టుంటాడు. అనౌన్సరు మెల్లగా మాట్లాడితే శుభ్రంగా వినపడుతుంది. పిల్లాడు తప్పిపోయాడని గట్టిగా అరిచాడా, గొంతు గరగరలాడుతుంది. అదీ ఓవర్‌డ్రైవ్.

(తీగ మెల్లగా మీటుతూ) శుభ్రంగా ఉందా? (గట్టిగా మీటి) ఇప్పుడు గరగర. అంటే నా వేలు చెప్పినట్టు వింటోంది. ఈ పచ్చ డబ్బా ట్యూబ్ స్క్రీమర్ అయితే మరీ బొంగురూ మరీ కీచూ కాని మధ్య స్థాయి శబ్దాన్ని కాస్త ముందుకు తోస్తుంది కూడా. అందుకే బ్యాండులో గిటారు మునిగిపోదు.

డిస్టార్షన్‌లో అదే మైకుసెట్టు సౌండు నాబు చివరిదాకా తిప్పేశాడనుకోండి. గుసగుసలాడినా పగులుతుంది. శబ్దపు అలల తలలు ఓవర్‌డ్రైవ్‌లోలా గుండ్రంగా అరగవు, కత్తిపీటకేసి కోసినట్టు తెగుతాయి. ఈ నారింజ రంగు డిస్టార్షన్ డబ్బా, డీఎస్-1, 1978 నుంచీ చేస్తున్న పని ఇదే.

ఇక ఫజ్. హారన్‌లో పొర చిరిగిన మైకు. నవ్వకండి, ఇది పుట్టిందే రిపేరులోంచి! 1960ల మొదట్లో అమెరికాలోని నాష్‌విల్ స్టూడియోలో మిక్సర్ చానెల్ ఒకటి పాడై, గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ బర్రుమంది. పాటలో దాన్ని అట్టాగే ఉంచేశారు. ఇంజినీరు గ్లెన్ స్నాడీ ఆ బర్రును కావాలని పుట్టించే సర్క్యూట్ కట్టాడు. 1962లో అది మేస్ట్రో ఫజ్‌టోన్ పేరుతో అమ్మకానికొచ్చింది. మన మైకుసెట్టాయన పాపం, చిరిగిన హారన్‌కు టేపు అంటించి ఊరుకున్నాడు.

మా కావలి వాడికి ఏం చెప్పానంటే, కొత్తది కొనకముందు ఉన్న ఓవర్‌డ్రైవ్‌లో డ్రైవ్ (గరగర నాబు) తగ్గించి లెవెల్ (సౌండు నాబు) పెంచి చూడమన్నా. చాలామందికి తక్కువయ్యేది గరగర కాదు, సౌండు. అప్పటికీ మెటల్ అనే భీకరమైన రాక్ సంగీతం వాయించాలనుంటే డిస్టార్షన్ కొనుక్కోమన్నా.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. డిలే అంటే మైకులో ఎకో: "ఎక్కడున్నా... ఎక్కడున్నా... స్టేజీ దగ్గరకు..." రివర్బ్ అంటే రాతి మండపంలో పాడినట్టు. కోరస్ అంటే ఇద్దరు ఒకే పాటను పిసరంత తేడాతో పాడినట్టు. గిటారు నుంచి డబ్బాలు వరసగా కలిపేటప్పుడు ఎకో డబ్బాను గరగర డబ్బా తర్వాతే పెట్టండి. ముందు పెడితే "ఎక్కడున్నా"లన్నీ ఒకదాని మీదొకటి పడి పగిలి, రొద మిగులుతుంది. నచ్చితే అట్టాగే వాయించుకోండి, నాకేం?

అడాప్టరు చాలావాటికి 9 వోల్టులే, పిన్ను మధ్యలో నెగటివ్. కొన్ని పాతకాలపు ఫజ్‌లకు మాత్రం తిరగేసి ఉంటుంది. డబ్బా మీద గుర్తు చూసి గుచ్చండి. చూడకుండా గుచ్చి నేనొకటి కాల్చుకున్నా, ఇదిగో, మూత తీస్తే ఇప్పటికీ మాడు వాసనే.